రెండో ఫోన్

పై వరుసలో ఎడమ కోరపన్ను నిలబడనని మొండికేసింది. మేస్త్రి సన్నకత్తి మొనను స్పిరిట్ దీపం మీద వేడిచేసి, ఆ పన్ను మొదట్లో గులాబిరంగు మైనాన్ని కొంచెం కరిగించి, బొటనవేలి గోటితో దాన్ని లోపలికి నెట్టాడు. నిలబడింది. చెయ్యి తీశాడు. బయటికి వాలింది. ముప్ఫై ఏళ్ళ పైబడి ఊళ్ళోవాళ్ళ నోళ్ళకు పళ్ళు పేరుస్తున్న మనిషికి ఇలాంటి అల్లరి కొత్తేమీ కాదు. కాకపోతే ఇవాళ ధ్యాస చేతుల్లో లేదు, కుడిచెవిలో ఉంది.

కుడిచెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. అందులో పాట వస్తోంది. ఒక పాట అయిపోయి ఇంకో పాట, అది అయిపోయి మరో పాట, పొద్దుటి నుంచీ ఎక్కడా ఆగకుండా వస్తూనే ఉంది. ఆగకపోవడమే ఆయన బాధ.

దంతవైద్యశాలకు వెనకవైపు, మెట్ల కింద మిగిలిన జాగాకు తలుపు బిగిస్తే ఆ గది అయింది. పొడుగ్గా ఒక బల్ల, దాని మీద వరుసగా ప్లాస్టర్ దవడలు, గోడకు ఒక నీళ్ళ పంపు, మూలన మెరుగుపెట్టే మోటారు. కిటికీ ఉంది గానీ అది ఎదుటి గోడనే చూస్తుంది. ముందుగదిలో డాక్టరమ్మ రోగుల నోళ్ళు చూసి కొలతలు తీసి పంపిస్తుంది. వెనకగదిలో ఇద్దరుంటారు. ఒకతను ఆ కొలతల్లో ప్లాస్టర్ పోసి అచ్చులు తీస్తాడు. ఎప్పుడు చూసినా కనుబొమల దాకా తెల్లపొడి పట్టి ఉంటాడు కాబట్టి అతణ్ణి అందరూ సున్నం అంటారు, కట్టుకున్నావిడతో సహా. రెండో ఆయన మేస్త్రి. పళ్ళ మేస్త్రి అనేది పూర్తి బిరుదు. రోడ్డు మీద ఎదురైన మనిషి ముఖం ఆయనకు గుర్తుండదు. నవ్వితే మాత్రం గుర్తుపడతాడు, ఆ నవ్వు తను పేర్చిందే అయ్యుంటుంది కాబట్టి.

మనిషి పొట్టి. మెడ బల్ల మీదికి వంగి వంగి చివరికి అలాగే ఉండిపోయింది. కళ్ళజోడుకు దారం, దారానికి రెండుచోట్ల ఎండిన మైనం. కుడిచేతి బొటనవేలి గోరు మందంగా, కాస్త పసుపు తేలి ఉంటుంది. దాన్ని ఆయన కత్తిరించడు, అరగదీసుకుంటాడు. ఇంటిదగ్గర ఎవరూ లేరు. భార్య పోయి చాలాకాలమైంది, ఒక్కగానొక్క కూతురు పెళ్ళయి ఇదే ఊళ్ళో వేరే ఉంటోంది. అందుకని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడేవి ఆ పాటలే.

ఆ పాటల యాప్ గురించి చెప్పాలంటే దాని రోగాలు చెప్పాలి. నాలుగు నెలలకోసారి 'కొత్త రూపం' అంటూ ముఖం మార్చుకుంటుంది. నిన్న కుడిపక్కన ఉన్న మీట ఇవాళ ఎక్కడుందో వెతుక్కోవాలి. దింపుకుని దాచుకున్న పాటలు తెల్లారేసరికి మాయమవుతాయి. కలగలిపి వినిపించమంటే అవే నాలుగు పాటలు తిప్పితిప్పి వేస్తుంది. నెట్ ఉన్నా లేదంటుంది. సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పంటుంది, తప్పు కొడితే ఇంకోసారి ప్రయత్నించమని మర్యాదగా చెబుతుంది. 'ఇటీవల విన్నవి' అన్నచోట నొక్కితే ఏడాదిగా తెల్లటి తెర తప్ప ఇంకేమీ రాదు. సహాయం కోసం రాస్తే, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, యాప్ తీసేసి మళ్ళీ వేసుకోండి అని జవాబు వస్తుంది. తీసేసి, వేసుకుని, మళ్ళీ తీసేసి, మేస్త్రి అందులో కూడా పనివాడైపోయాడు.

వీటన్నిటినీ మించిన రోగం ఇంకోటుంది. పాట మంచి పట్టులో ఉండగా టక్కున ఆగిపోతుంది. పల్లవి సగంలో, ఒక్కోసారి మాట సగంలో. మేస్త్రి కత్తి కిందపెట్టి, ఫోన్‌కేసి చూసి, పళ్ళు కొరుకుతాడు. సున్నం నవ్వుతాడు. ఇంత దరిద్రపు యాప్‌తో ఏళ్ళ తరబడి ఎందుకయ్యా వేగుతావు, మారిపోరాదా అంటాడు. అలవాటైన కాపురం, ఇప్పుడేం విడాకులిస్తాం అని మేస్త్రి మాట దాటేసేవాడు.

అసలు సంగతి ఆయన సున్నానికి చెప్పలేదు. పాట ఆగడం యాప్ రోగం కాదు. ఆ ఖాతా రెండు ఫోన్లలో ఉంది. రెండో ఫోన్ అన్నయ్యది.

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి స్మార్ట్‌ఫోన్లు కొన్న రోజుల్లో మేస్త్రే ఖాతా తెరిచి, అన్నయ్య ఫోన్‌లో కూడా పెట్టి ఇచ్చాడు. చందా ఒక్క మనిషిది కాబట్టి ఒకసారికి ఒకచోటే మోగుతుంది. అన్నయ్య బస్సు డిపోలో టైర్లు బిగించేవాడు. అక్కడ ఆయన పాట పెడితే ఇక్కడ తమ్ముడిది ఆగేది. తమ్ముడు మళ్ళీ నొక్కితే అక్కడ ఆయనది ఆగేది. సాయంత్రం కలిసినప్పుడు దాని మీద ఒక పెద్ద తగాదా, ఆ తర్వాత కలిసి టీ. అలా ఉండేది.

ఏడేళ్ళ కిందట కూతురి పెళ్ళి జరిగింది. తల్లి లేని పిల్లకు అన్నయ్యా వదినా పెద్దదిక్కుగా నిలబడ్డారు. పెళ్ళికి అందంగా కనబడాలని, అప్పటికే బోసినోరైపోయిన అన్నయ్యకు మేస్త్రి స్వయంగా పళ్ళసెట్టు చేశాడు. అంత శ్రద్ధగా జీవితంలో ఇంకో సెట్టు చెయ్యలేదు. ఏ పన్ను ఎంత తెల్లగా ఉండాలో, చిన్నప్పటి అన్నయ్య నవ్వులో ఏ పన్ను కొంచెం పక్కకు తిరిగి ఉండేదో గుర్తుచేసుకుని మరీ పేర్చాడు. పెళ్ళి భోజనాల దగ్గర, వియ్యాలవారంతా బారుగా కూర్చున్నచోట, అన్నయ్య రెండు ముద్దలు నమిలి, నోట్లోంచి సెట్టు తీసి, జేబురుమాల్లో చుట్టి, గట్టిగా అన్నాడు, "మా తమ్ముడు చేశాళ్ళెండి. ఇవి తినడానిక్కాదు, ఫొటోలకి."

అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. ఆయన డిపోలో మనిషి, నలుగురిలో నవ్వించడం ఆయనకు మంచినీళ్ళ ప్రాయం. మేస్త్రికి మాత్రం తల కొట్టేసినట్టయింది. మర్నాడు అన్నయ్య ఇంటికి వెళ్ళి, గడపలోనే నిలబడి, నోరు మంచిదైతే ఏ పళ్ళైనా కుదురుతాయి అన్నాడు. అన్నయ్య, అయితే మంచినోరున్న వాళ్ళకే చేసుకో పో అన్నాడు. అంతే. ఇంతింత మీసాలున్న ఇద్దరు మగవాళ్ళు దానికి మాటలు మానేసుకున్నారు.

మేస్త్రి పాస్‌వర్డ్ మార్చలేదు. అన్నయ్య తన ఫోన్‌లోంచి యాప్ తీసెయ్యలేదు. పెళ్ళయిన పది రోజులకు, పని మధ్యలో, పాట టక్కున ఆగిపోయింది. మేస్త్రి తెర వంక చూస్తూ కూర్చుని, కాసేపటికి తిరిగి నొక్కాడు. మోగింది. రెండు నిమిషాలకు మళ్ళీ ఆగింది. ఆ రోజు ఆయన మూడు పళ్ళు వంకరగా పెట్టాడు.

అప్పటి నుంచీ వాళ్ళ మధ్య ఉన్న మాటలన్నీ అవే. అన్నయ్య ఎన్నింటికి లేస్తున్నాడో, మధ్యాహ్నం నిద్ర మానేశాడో లేదో, డిపోలో రిటైరయ్యాక పొద్దు గడవక ఎలా ఉన్నాడో మేస్త్రికి ఆ ఆగడాల్లోనే తెలిసేది. పాట ఆగిందంటే అన్నయ్య బాగున్నాడని, కోపంగా ఉన్నాడని, రెండూ కలిపి అర్థం. ఒక్కోరోజు ఉండబట్టలేక వెంటనే లాక్కునేవాడు. ఒక్కోరోజు పోనీలే పాపం అని, ఆయన పాట అయ్యేదాకా ఆగి అప్పుడు నొక్కేవాడు.

ఎండలు తగ్గిన దగ్గర్నుంచి పాట ఆగడం లేదు.

మొదట నెట్ బాగుపడిందేమో అనుకున్నాడు. తర్వాత యాప్‌కి బుద్ధొచ్చిందేమో అనుకున్నాడు. కావాలని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క నిమిషం ఖాళీ లేకుండా మోగించి చూశాడు, రెచ్చగొడదామని. ఆగలేదు. ఒకరోజు పొద్దంతా ఏమీ పెట్టకుండా, ఆయనకు వదిలేసి, సాయంత్రం పని కట్టేసే ముందు ఒక్కసారి నొక్కాడు. అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇక తేలిపోయింది. అన్నయ్య హాయిగా వేరే యాప్‌లోకి మారిపోయాడు. మాట మానేసినప్పుడు కూడా ఇంత నొప్పి పుట్టలేదు. ఈ ఒక్కటైనా మిగిలింది కదా అనుకుంటూ వచ్చాడు, ఇప్పుడు అదీ అక్కర్లేకపోయింది ఆయనకి. కూతురు ఎప్పట్లా, నాన్నా ఆ దిక్కుమాలిన యాప్ మార్చేద్దాం అన్నప్పుడు, ఈసారి మేస్త్రి సరే అన్నాడు.

మధ్యాహ్నం భోజనం వేళకు కూతురు వచ్చింది. ఇవాళ ఆమెకు సెలవు. రెండు గిన్నెల క్యారియర్ బల్ల మీద పెట్టి, ప్లాస్టర్ దవడలను మోచేత్తో అవతలికి జరిపి, తండ్రి ఫోన్ తీసుకుని స్టూలు మీద కూర్చుంది. సున్నం చేతులు కడుక్కుని వచ్చి, మొత్తానికి విడాకులేనన్నమాట అన్నాడు. కూతురు నవ్వింది. మేస్త్రి గిన్నెలోకి చూస్తూ తింటున్నాడు.

కొత్త యాప్ వేసింది. పాత దాంట్లో ఉన్న పాటల జాబితా కొత్త దాంట్లోకి తరలించింది. కొన్ని దొరకలేదు, ఫరవాలేదంది. ఒక పాట పెట్టి వినిపించింది. నిజంగానే బాగుంది, వెనక వాయించే ప్రతి తీగా విడివిడిగా వినబడుతోంది. మేస్త్రి తల ఊపాడు. పాత ఖాతా ఉంచాలా, మూసెయ్యాలా అని ఆమె అడిగింది. ఉంచితే చందా ఊరికే పోతూ ఉంటుంది. మూసెయ్యమన్నాడు.

ఆమె వేలు తెర మీద ఆగింది.

"నాన్నా, ఇందులో రెండు ఫోన్లున్నాయి. పెదనాన్నది కూడా పోతుంది."

మేస్త్రి ముద్ద నమలడం ఆపాడు. ఆ ఒక్క క్షణంలో ఆయన మనసు వెనక్కి తగ్గింది కూడా. కానీ పక్కన సున్నం ఉన్నాడు, కూతురు తనకేసి చూస్తోంది, పైగా నెలల తరబడి పేరుకున్న ఉడుకుమోత్తనం గొంతులో సిద్ధంగా ఉంది.

"పోనీ. ఆయన వాడట్లేదులే."

"ఒకమాట ఫోన్ చేసి చెప్పనా? మొన్న చేసినప్పుడు దగ్గుతున్నాడు కూడా."

"ఆయన మారినప్పుడు నాకు చెప్పాడా?"

కూతురికి ఈ లెక్కలు అర్థం కాలేదు. తండ్రి ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా నొక్కేసింది. ఖాతా మూసినట్టు తెర మీద ఒక చక్కటి పువ్వు బొమ్మ వచ్చింది, మళ్ళీ కలుద్దాం అని. క్యారియర్ సర్దుకుని ఆమె వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం పని తేలికగానే సాగింది. పొద్దుటి కోరపన్ను నిలబడింది. మైనం సెట్టును ప్లాస్టర్‌లో పూడ్చి, గట్టిపడ్డాక మరిగే నీళ్ళు పోసి మైనం కరిగించి పారబోశాడు. పళ్ళు ప్లాస్టర్ గోడకు అంటుకుని మిగిలాయి, చిగురు లేకుండా. చెవిలో కొత్త యాప్ తేనెలా నడుస్తోంది. భోజనం అయిన కాసేపటికి, అన్నయ్య నొక్కే వేళకు, మేస్త్రి అలవాటు కొద్దీ చేతిలో కత్తి ఎత్తి పట్టుకున్నాడు. పాట నడిచిపోయింది. ఇక ఎప్పటికీ నడుస్తూనే ఉంటుందని అప్పుడు తోచింది. ఇయర్‌ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు.

నాలుగు దాటాక డాక్టరమ్మ ఒక సెట్టు పట్టుకుని వచ్చింది. కిందటేడు చేసిందే. మొదట్నుంచీ కుడివైపు చివర గుచ్చుకుంటోందట, రోగి తినలేకపోతున్నాడట. మేస్త్రి కిటికీ దగ్గరికి వెళ్ళి తిప్పి చూశాడు. చెప్పింది నిజమే. దవడపళ్ళ మీది చిన్నచిన్న మిట్టలు చెక్కుచెదరకుండా, అచ్చులోంచి ఇప్పుడే తీసినట్టున్నాయి. నమిలే మనిషి నోట్లో అవి ఏడాది ఏడాదికీ అరుగుతాయి. గ్లాసు నీళ్ళలో కూర్చున్నవి ఎన్నాళ్ళైనా కొత్తగానే ఉంటాయి. సెట్టు చేతికిస్తే చాలు, అది తిన్నదో ఊరికే ఉందో ఆయన చెప్పగలడు. కుడి చివర అంచును మోటారు మీద రెండుసార్లు అలా ఆనించి, వేలితో తడిమి, తిరిగి ఇచ్చేశాడు. అయిపోయింది.

అంత చిన్న పని. అన్నయ్యది కూడా ఆ రోజు ఇలాగే ఎక్కడో గుచ్చుకుని ఉంటుంది. పక్కకు పిలిచి చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో అరగదీసి ఇచ్చేవాడు. చెప్పలేదు, నవ్వించాడు. తనైనా, ఏదీ ఇలా చూపించు అని చెయ్యి చాచి ఉండొచ్చు. చాచలేదు, ఉడుక్కున్నాడు. మర్నాడే అన్నయ్య ఆ సెట్టు విసిరికొట్టి, ఇంకెక్కడో చేయించుకుని ఉంటాడని మేస్త్రి ఇన్నేళ్ళుగా అనుకుంటూ వస్తున్నాడు. ఆ ఇంకో పనివాడెవరో తెలియదు గానీ, అతని మీద కూడా ఆయనకు కోపమే.

ఆరింటికి దీపం ఆర్పి, బల్ల తుడిచి, పనిముట్లు డబ్బాలో పెట్టి బయటపడ్డాడు. బస్టాపు దాకా నడిచేటప్పుడు పాటలు వినడం ఆయనకు అలవాటు లేదు. ఇంటి దగ్గర కూడా వినడు. అవి పని పాటలు, పనితోనే సరి. బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. పేరు చూసి, మూడోసారి మోగేదాకా ఎత్తలేకపోయాడు. వదిన.

"నేనేనయ్యా." ఆవిడ గొంతు మెల్లగా ఉంది, పక్కగదిలో ఎవరో పడుకున్నప్పుడు మాట్లాడినట్టు. "మీ అన్నయ్య ఫోన్లో పాటలు రావట్లేదు. ఏదో పాస్‌వర్డ్ అంటోంది. నాకేం తెలుస్తుంది? ఆయన నిన్నడగమన్లేదు, నేనే చేశాను."

మేస్త్రి అడిగాడు, అన్నయ్య ఇంకా అదే వాడుతున్నాడా అని.

"రోజూ ఈ టైముకే పెడతాను. నువ్వు ఆరింటికి కట్టేస్తావుగా. మంచం పట్టిన దగ్గర్నుంచి పగలు పెట్టనివ్వడు. నేను పెట్టబోతే చెయ్యి పట్టుకుంటాడు. వాడు పనిలో ఉంటాడు, చేతిలో వేడికత్తి ఉంటుంది, లాక్కుంటే తిరిగి లాక్కునే ఓపిక నాకెలాగూ లేదు, ఊరికే వాడి పని చెడగొట్టడమెందుకూ అంటాడు."

మంచం పట్టడమేమిటని మేస్త్రి అడిగేలోపే వదినే చెప్పింది. ఊపిరితిత్తులు. డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తమ్ముడికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. చెబితే వాడు మందుల సంగతి వదిలేసి ముందు నా పళ్ళు చూస్తాడు అన్నాడట. చెబుతూ ఆవిడ కొంచెం నవ్వింది, మధ్యలోనే ఆగిపోయింది. మేస్త్రి, వస్తున్నాను వదినా అన్నాడు. వచ్చిన బస్సు తన ఇంటివైపు వెళ్ళేది. దాన్ని పోనిచ్చి, రోడ్డు దాటి అవతలివైపు నిలబడ్డాడు.

బస్సులో కూర్చున్నంతసేపూ ఒక్కటే ఆలోచన. ఆగకుండా నడిచిన ఆ పాటలన్నీ అన్నయ్య ఇచ్చినవి. తను వాటిని అవమానం అనుకున్నాడు. ఆ తెల్లతెర రాకుండా 'ఇటీవల విన్నవి' ఒక్కరోజు సరిగ్గా పనిచేసి ఉంటే, సాయంత్రాలు అన్నయ్య ఏం విన్నాడో కనబడేది, అంతా తెలిసిపోయేది. కానీ యాప్‌ని తిట్టి ఏం లాభం? 'పోనీ' అన్నది యాప్ కాదు కదా. మేస్త్రి కిటికీ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

వదిన తలుపు తీసి పక్కకు జరిగింది. జుట్టు బాగా నెరిసింది ఆవిడకు. ముందుగదిలోనే కిటికీ పక్కన మంచం వేశారు. తలాపున ఆక్సిజన్ సిలిండరు, ముక్కుకు గొట్టం. మంచంలో ఉన్న మనిషిని మేస్త్రి ముఖం చూసి పోల్చుకోలేకపోయాడు. బుగ్గలు లోపలికి పోయి, పెదవులు నోట్లోకి ముడుచుకుని, తమ నాన్న చివరి రోజుల్లో ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు. కళ్ళు తెరిచి చూశాడు. కళ్ళు అన్నయ్యవే.

"ఏరా. యాప్ రిపేరుకొచ్చావా?" ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి.

"ఆఁ. కంపెనీ పంపింది."

అన్నయ్య పొట్ట కదిలింది. నవ్వుతున్నాడు. మేస్త్రి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపు గొట్టాన్నీ దుప్పటినీ చూశాడు.

"నేనే తీసేశాను అన్నయ్యా. నువ్వు మానేసి వేరే దాంట్లోకి పోయావనుకున్నాను."

"పోతే చెప్పనూ?" అన్నాడు అన్నయ్య. ఏడేళ్ళుగా పలకరించని మనిషి ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, మేస్త్రి ఇక తట్టుకోలేకపోయాడు. దుప్పటి మీద తల ఆనించి ఏడ్చాడు. అన్నయ్య చెయ్యి వచ్చి ఆ వంగిపోయిన మెడ మీద పడింది. టైర్లు బిగించిన చెయ్యి, ఇప్పుడు బరువే లేదు.

తర్వాత పని మొదలుపెట్టారు. మేస్త్రి కూతురికి ఫోన్ చేశాడు. ఆమె మొదట ఏడ్చింది, తర్వాత ముక్కు ఎగబీలుస్తూనే ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పింది, పొద్దున్నే వస్తానంది. అన్నయ్య పాత ఫోన్‌లో కొత్త యాప్ వేశారు. మధ్యాహ్నం కూతురు తెరిచిన ఖాతానే, ఒక్క మనిషి చందా. జాబితాలోంచి అన్నయ్యకిష్టమైన పాట పెట్టాడు మేస్త్రి. గదిలో పాట మొదలైంది. అన్నయ్య కళ్ళు మూసుకుని వింటూ, కొంచెంసేపటికి వేలితో తమ్ముడి జేబు చూపించాడు.

"నీది పెట్టు."

పెడితే నీది ఆగుతుందని మేస్త్రి అన్నాడు. ఆగనీ అన్నట్టు కళ్ళెగరేశాడు ఆయన. మేస్త్రి తన ఫోన్‌లో నొక్కాడు. అన్నయ్య పాట ఆగింది, మేస్త్రి పాట అందుకుంది. అన్నయ్య పొట్ట మీదున్న ఫోన్‌లో, వేరే ఫోన్‌లో వింటున్నారు, ఇక్కడ వినాలా అని అక్షరాలు వెలిగాయి. ఆయన బొటనవేలు మెల్లగా వెళ్ళి వాటిని నొక్కింది. మేస్త్రి పాట మాట సగంలో తెగింది. అన్నయ్య చిగుళ్ళు బయటపెట్టి నవ్వాడు. ఇన్నేళ్ళూ ఆ నవ్వును మేస్త్రి ఊహించుకున్నాడు గానీ, చూడటం ఇదే.

మేస్త్రి లాక్కున్నాడు. అన్నయ్య లాక్కున్నాడు. వంటింట్లోంచి వదిన, ఇద్దరికీ బుద్ధి రాదా, ఏదో ఒకటి పూర్తిగా విననివ్వండి అని కేకేసింది. ఆవిడ గొంతులో చాలాకాలం తర్వాత వచ్చిన సంతోషం ఉంది. అన్నయ్య నొక్కడానికి తీసుకునే వ్యవధి కొంచెం కొంచెం పెరుగుతోంది. మేస్త్రి గమనించాడు. పోనీలే, ఈసారి ఆయన పాట పూర్తయ్యేదాకా ఆగుదాం అనుకుని ఆగాడు. పూర్తయింది. అన్నయ్యే కళ్ళు తెరవకుండా, ఊఁ, అన్నాడు, నీ వంతు అన్నట్టు.

మేస్త్రి నొక్కాడు. నొక్కి, తెగిపోవడం కోసం ఎదురుచూశాడు. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. అన్నయ్య బొటనవేలు ఫోన్ మీదే ఉంది. దాని కింద ఆ అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి, ఇక్కడ వినాలా అని. రెండో చరణం వచ్చింది. లాక్కో అన్నయ్యా, అన్నాడు మేస్త్రి, చాలా మెల్లగా. పాట చివరిదాకా వచ్చి, దానంతటదే అయిపోయింది. తర్వాతి పాట మొదలవబోతుంటే మేస్త్రి ఆపేశాడు. గొట్టంలో గాలి చప్పుడు మాత్రం అలాగే ఉంది. కొంతసేపటికి, వదినా అని పిలిచాడు.

ఆవిడ వచ్చింది. చేతులు తుడుచుకుంటూ వచ్చిన మనిషి, గుమ్మంలోనే ఆగి, చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయింది. మేస్త్రి లేచి కుర్చీ ఆవిడకిచ్చాడు. ఎటు పోవాలో తెలియక కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

కిటికీ గట్టు మీద గాజుగ్లాసు ఉంది. నీళ్ళలో పళ్ళసెట్టు. ముందు వరుసలో కొంచెం పక్కకు తిరిగిన ఆ పన్ను తను పెట్టిందే. మేస్త్రి కళ్ళజోడు సవరించుకుని గ్లాసును వెలుతురుకు ఎత్తాడు. కుడివైపు చివర అంచును ఎవరో ఆకురాయితో మొరటుగా, చేతికొచ్చినట్టు అరగదీసుకున్న గీతలున్నాయి. దవడపళ్ళ మీది మిట్టలన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా, తిని తిని అరిగి నున్నగా చదునైపోయి ఉన్నాయి.